మే నెల క్యారెట్ సంగతి, పది రూపాయల సంగతి

మహబూబ్‌నగర్‌లో మేం వండి పంపే మన వీగన్, మాక్రోబయోటిక్ భోజనం డబ్బా తినేవాళ్లందరికీ నమస్తే. ముందు నా తప్పు చెప్తాను, ధర సంగతి తర్వాత. మే నెలలో దాదాపు మూడు వారాలు మీరు తిన్న క్యారెట్, బీన్స్, క్యాబేజీ మన దగ్గర పండినవి కావు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వచ్చే బండి దగ్గర కొన్నాను. గ్రూపులో పొద్దున పెట్టే మెసేజ్‌లో మాత్రం ఎప్పటిలాగే "ఈరోజు మన పాలమూరు కూరగాయలతో" అనే ఉంది. పాత మెసేజ్ కాపీ చేసి పెట్టే అలవాటు వల్ల అలా జరిగిందని చెప్పొచ్చు, సగం నిజం అదే. ఆ మాట తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారేమో అన్న భయం మిగతా సగం.

చివరికి అడగనే అడిగారు. మెట్టుగడ్డ దగ్గర ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ, మూడేళ్లుగా మన డబ్బానే తింటున్నారు, "ఈ ఎండల క్యారెట్ ఏ ఊర్ల పండిందమ్మా, చెప్తే నేను గూడ పోయి చూసొస్త" అని ఒక్క లైను పంపారు. రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. మూడో రోజు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. "మరి సంక్రాంతప్పుడు ఒరుగులు పెట్టుకోలేదా?" అన్నారు, అంతే. ఒరుగులంటే ఎండబెట్టి దాచుకునే కూరగాయ ముక్కలు, నేను పెట్టుకోలేదు. ఐదేళ్లుగా కాలానికి తగ్గ తిండి అని చెప్పుకుంటూ, ఆ కాలం ఎండిపోయినప్పుడు మన అమ్మమ్మలు ఏం తిన్నారో ఒక్కసారీ ఆలోచించలేదు.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కల్లో. మాక్రోబయోటిక్ అనేది జపాన్‌కు చెందిన జార్జ్ ఒసావా ప్రచారం చేసిన తిండి పద్ధతి, అమెరికాలో దాన్ని మిచియో కుషి బాగా వ్యాప్తి చేశాడు. పళ్లెంలో సగం దాకా పాలిష్ పట్టని ధాన్యం, పావు వంతు పైన కూరగాయలు, కొంచెం పప్పుధాన్యాలు, బాగా నమిలి తినడం, మనం ఉండే చోట ఆ కాలంలో దొరికేదే తినడం. అందులో కొందరు అప్పుడప్పుడు చేప తింటారు. మనది వీగన్ కాబట్టి అదీ లేదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా లేవు.

మొదటి ఏడాది నేను పుస్తకం పక్కన పెట్టుకుని వండాను. జపాన్ వాళ్ల సోయా ముద్ద మిసో, ఎండు సముద్రపు నాచు ఆన్‌లైన్‌లో తెప్పించాను, ఒక్కో ప్యాకెట్‌కు పెట్టిన డబ్బుతో వారం కందిపప్పు వచ్చేది. కలెక్టరేట్‌లో పనిచేసే ఒక తమ్ముడు డబ్బా మూత తీసి ఫోటో పంపి "అక్కా, ఈ నాచు పెద్ద చెరువుదా?" అని అడిగాడు. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. నాచు ఆ నెలే ఆపేశాను. మిసో చారు బదులు ఇప్పుడు పొద్దున డబ్బాలో ఇస్తున్న తైదంబలి (రాగి అంబలి) అప్పుడు మొదలైందే, పిండి రాత్రి నానబెట్టి పులియబెట్టి కాస్తాం, మజ్జిగ పోయం, నకిరేకల్ నిమ్మకాయ రసం పిండుతాం, ఉల్లిగడ్డ ముక్కలు వేస్తాం. మజ్జిగ పోసిన అంబలి రుచి దీనికి రాదు, ఒప్పుకుంటాను. పల్లీల పాలతో పెరుగు తోడు వేద్దామని ఆరుసార్లు చూశాను, రెండుసార్లు కుదిరింది, నాలుగుసార్లు కాలువలో పోశాను. ఆ ప్రయోగం బంద్.

టమాట, ఆలుగడ్డ, వంకాయ వద్దని ఆ పుస్తకాలు చెప్తాయి, మూడూ ఒకే కుటుంబం మొక్కలని. రెండేళ్లు నేనూ వద్దన్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, టమాట, ఆలుగడ్డ, మిర్చి అమెరికా ఖండాల నుంచి వచ్చినవే నిజం, కానీ పల్లీలు కూడా అక్కడివే కదా, వనపర్తి, నాగర్‌కర్నూల్ చేన్లలో పండే పల్లి లేకుండా మన దగ్గర తొక్కు ఎట్లా నూరతారు? వంకాయేమో మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నది, దాన్ని నేను గడప దాటనివ్వలేదు. ఇది నా తీర్పు, పుస్తకం వాళ్లు ఒప్పుకోకపోవచ్చు: మన నేలలో, ఆ నెలలో పండితే డబ్బాలోకి వస్తుంది. అందుకే చలికాలంలో గుత్తి వంకాయ ఉంటుంది, మే నెలలో టమాట కిలో ఎంత పలికినా ఉండదు.

ఇంకో మాట, ఇది అడిగినా అడగకపోయినా చెప్పాలి. ఒసావా పద్ధతిలో అన్నిటికన్నా కఠినమైన మెట్టు వట్టి ధాన్యం మాత్రమే తినడం. 1960ల్లో అమెరికాలో దాన్ని పట్టుకుని కొందరు జబ్బుపడి చనిపోయారు కూడా. "అక్కా, నాకు నెల రోజులు వట్టి కొర్రన్నమే పంపండి" అని ఇద్దరు అడిగారు, పంపను. విటమిన్ బి12 మన డబ్బాలో ఉండదు, మొక్కల తిండిలో నమ్ముకోదగినంత దొరకదు, నాచులో ఉందని ఎవరైనా చెప్పినా దాని మీదే ఆధారపడకండి. పూర్తిగా వీగన్‌గా తినేవాళ్లు డాక్టర్‌ను అడిగి మాత్ర వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు జొన్న రొట్టె కదా అని నాలుగు తినొద్దు, అది కూడా పిండిపదార్థమే, నాలుగు తింటే నాలుగు రొట్టెల షుగర్ పెరుగుతుంది. ఈ డబ్బాతో ఏ రోగమూ తగ్గుతుందని నేను ఎప్పుడూ చెప్పలేదు, చెప్పను.

ఇప్పుడు వచ్చే ఏడాది మే. నిజానికి ఎండాకాలంలో మన దగ్గర ఏమీ దొరకదన్నది కూడా అబద్ధమే. చింతచిగురు ఉంది, మామిడికాయ ఉంది, మునగాకు, దోసకాయ, గోరుచిక్కుడు, బోరు నీళ్లున్నవాళ్ల దగ్గర బెండ, సోరకాయ. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు కూరలంటే అవే తిరిగి తిరిగి వస్తాయి, వరుసగా రెండో వారం చింతచిగురు పప్పు పెడితే మీకు విసుగొస్తుందని నేనే ముందుగా భయపడ్డాను. ఈసారి జనవరి, ఫిబ్రవరిలో చిక్కుడు, వంకాయ, కాకర చవకగా ఉన్నప్పుడు కోసి ఉప్పు పట్టించి మిద్దె మీద ఒరుగులు ఎండబెడతాం. చింతకాయ తొక్కు డబ్బాలకు సరిపడా కాదు, జాడీలకు జాడీలు పెడతాం. అప్పటికీ మే నెలలో ఒకటే కూర ఇచ్చే రోజులు ఉంటాయి. ఆ రోజు మెసేజ్‌లో ఒకటే కూర అని రాస్తాను, బయట కొన్నది ఏదైనా ఉంటే అదీ రాస్తాను.

వానలు పడ్డాక కథ మారుతుంది. పుంటికూర, గంగవాయిలి, చెంచలి, పొన్నగంటి, వినాయక చవితికి తుమ్మికూర. చేన్లో కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో వేసుకొచ్చే ఆకులు ఇవి, విత్తనం వేసి పండించేవి కొన్నే. దసరా అటూ ఇటూగా బాలానగర్ వైపు సీతాఫలాలు, చలికాలంలో అనపకాయలు, పచ్చి కందికాయలు. పప్పుకు మాత్రం ఏడాదంతా తాండూరు కందులే, వాటికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంతకు ముందు కూడా అదే రుచి.

రొట్టె గట్టిపడుతోందని ఫిర్యాదులు వచ్చాయి, నిజమే. మరిగే నీళ్లతో పిండి కలిపి చేత్తో కొట్టిన రొట్టె పొద్దున తొమ్మిదింటికి మెత్తగా ఉంటుంది, ఒంటిగంటకు అట్టలా అవుతుంది. మిషన్ రొట్టె తెచ్చి చూశాం, విరిగి ముక్కలైంది. బట్టలో చుట్టి పంపితే కొంచెం నయం, కాబట్టి ఆ బట్ట దయచేసి వాపసు పంపండి, పోయిన నెల ముప్పై బట్టల దాకా తిరిగి రాలేదు. మక్తల్, నారాయణపేట వైపు వాళ్లు తినే కడక్ రొట్టె కావాలంటే చెప్పండి, అది ఎట్లాగూ గట్టిగానే ఉంటుంది, పప్పులో నంచుకోవచ్చు.

ధర. జులై ఒకటి నుంచి డబ్బా 120 కాదు, 130. రొట్టెలు కొట్టే ఇద్దరికి కూలి పెంచాను, వాళ్లు మానేస్తే మన దుకాణం మూతే. రెండోది నా తెలివితక్కువతనం: చవకగా వచ్చాయని కొర్రబియ్యం ఎక్కువ కొన్నాను, పాలిష్ పట్టని బియ్యంలో తవుడు నూనె ఉంటుంది కాబట్టి ఎండకు తొందరగా పాడవుతుంది, నలభై కిలోలు ముక్కిపోయి బర్రెలకు వేశాం. ఆ నష్టం మీ మీద వేయలేదు, అది నాదే. ఇకనుంచి కొర్రలు పొట్టుతోనే ఉంచి పదిహేను రోజులకోసారి పట్టిస్తాం, దానికి ఖర్చు ఎక్కువ. మే నెలలో క్యారెట్ తిన్న ఆ మూడు వారాలకు డబ్బు వాపసు కావాలన్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి, వచ్చే నెల లెక్కలో తగ్గిస్తాను. ఇప్పటికి నలుగురు అడిగారు, నలుగురికీ తగ్గించాను.

ఆఖరుగా, ఈ వారమే మిరుగు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే, చేపలు తినే రోజు. ఊరంతా చేపల మార్కెట్ దగ్గర ఉంటుంది, మనకు ఆ రోజు సగం డబ్బాలు వెనక్కి వస్తాయి, ప్రతి ఏడాదీ ఇదే. తప్పేం లేదు, తినేవాళ్లు తినండి, కానీ ముందురోజు రాత్రి ఎనిమిదింటిలోపు చెప్పండి, ఆ మేరకు రొట్టెలు తక్కువ కొడతాం. డబ్బా కావాలన్నవాళ్లకు చింతచిగురు పప్పు, జొన్న రొట్టె, పల్లీల తొక్కు, చిన్న కాగితంలో చుట్టి ఇంగువ బెల్లం.