డయాలసిస్ సాయంత్రం ఫోన్ చెయ్యకమ్మా

బుజ్జీ,

మొన్న ఫోన్లో ముక్తసరిగా మాట్లాడానని నొచ్చుకున్నావట, అమ్మ చెప్పింది. నీ మీద కోపం కాదమ్మా, అది మిషన్ మీద నుంచి లేచి వచ్చిన సాయంత్రం. ఆ పూట నాకు మాటలు కూడా వెతుక్కుంటే గానీ దొరకవు.

నువ్వెప్పుడూ సూదుల గురించే అడుగుతావు. రెండు సూదులు, ఒకదాంట్లోంచి రక్తం మిషన్లోకి వెళ్తుంది, శుభ్రమై ఇంకోదాంట్లోంచి తిరిగొస్తుంది. మామూలు ఇంజెక్షన్ సూది కంటే బాగా లావు, గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, రెండు నిమిషాల్లో మర్చిపోతాను. ఎడమ చేతికి ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా చేశారు కదా, అక్కడ వేలు పెడితే ఒళ్లో పడుకున్న పిల్లి గురగురలాడినట్టు ఉంటుంది. పొద్దున లేవగానే ముందు అదే తడిమి చూసుకుంటా. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, కొత్త సిస్టర్ ఎవరైనా వస్తే నేనే ముందు చెప్పేస్తాను.

అసలు టెన్షన్ బరువు దగ్గర. లోపలికి వెళ్లగానే బరువు చూస్తారు, పోయినసారి ఇంటికొచ్చేటప్పటి కంటే ఎంత పెరిగితే ఒంట్లో అంత నీరు చేరినట్టు లెక్క, అదంతా నాలుగు గంటల్లో లాగెయ్యాలి. మూడు కిలోలు దగ్గరపడిందంటే టెక్నీషియన్ ఏమీ అనడు, ఒక్క చూపు చూస్తాడు, హోంవర్క్ చెయ్యని పిల్లాడిలా నిలబడతాను. ఎక్కువ లాగాల్సి వచ్చిన రోజు మూడో గంటలో పిక్కలు పట్టేస్తాయి, ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి, అప్పుడు కాళ్ల వైపు ఎత్తుచేసి సెలైన్ ఎక్కిస్తారు. అందుకే సూది కంటే నాకు దాహమంటేనే భయం. తమాషా ఏంటంటే, ఒక్క పూటకి నా ఒక్కడి కోసం 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు మిషన్లో పారతాయి, నేనేమో రోజంతా గ్లాసులు లెక్కపెట్టుకుంటూ గొంతు తడుపుకుంటాను!

రక్తం బయట గొట్టాల్లో తిరిగొస్తుంది కాబట్టి చలేస్తుంది, ఎంత దుప్పటి కప్పుకున్నా పాదాలు మాత్రం మంచుగడ్డలే. నిద్రలో కాస్త చెయ్యి కదిపితే చాలు, అలారం. మూడేళ్లుగా అవే ముఖాలు, వారానికి మూడుసార్లు, చుట్టాల కంటే ఎక్కువ కలుస్తాం. ఎవరైనా వరసగా రెండుసార్లు రాకపోతే, కిడ్నీ మార్పిడి అయిందని సిస్టర్ తనంతట తను చెబితే సంతోషం, చెప్పకపోతే మాత్రం ఎవరం అడగం.

అయిపోయాక సూదులు తీసి పది నిమిషాలు దూది గట్టిగా అదిమి పట్టుకోవాలి, మళ్లీ బరువు, బీపీ, ఇల్లు, మంచం. ఎవరో పిండి ఆరేసిన గుడ్డలా పడి ఉంటాను. మర్నాడు పొద్దున పది దాటాక చూడు, నేను మళ్లీ నీ పాత నాన్ననే, గంటసేపైనా వాగుతాను. ఆ సాయంత్రం మాత్రం ఒక్క మెసేజ్ పెట్టి వదిలెయ్.

వచ్చేటప్పుడు మందపాటి సాక్సులు రెండు జతలు పట్రా.

నాన్న