ఐడీ కార్డులో రక్తం గ్రూపు గడి: ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి రెండు వారాలైంది. కొత్త ఐడీ కార్డుల ఫారాలు పిల్లల సంచుల్లో మీ ఇళ్లకు చేరే ఉంటాయి. ఫోటో, చిరునామా, ఫోను నంబరు, చివర్న ‘రత్త వగై’ (తమిళంలో రక్తం గ్రూపు) అని ఒక గడి. పోయినేడు దాకా ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి పంపేవాళ్లం. ఈ ఏడు పంపం. రిపోర్టు చేతిలో ఉంటేనే నింపండి, లేకపోతే వదిలేయండి. ఎందుకో చెప్పాలంటే ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి.

జనవరిలో సైన్సు టీచరు సెలవు పెడితే పదో తరగతి రక్తప్రసరణ పాఠం నేను తీసుకున్నాను. నేను చదివింది జువాలజీ. సుద్దముక్క చేతికొస్తే నన్ను ఆపడం కష్టం. పుస్తకంలో ఉన్నది చాలక, గ్రూపులు తల్లిదండ్రుల నుంచి ఎలా వస్తాయో కూడా బోర్డు మీద వేశాను. ఉత్సాహం కొద్దీ, “రేపు అమ్మది, నాన్నది, మీది రాసుకు రండి, లెక్క సరిపోతుందో లేదో చూద్దాం” అన్నాను.

మర్నాడు అందరూ కాగితాలు ఇచ్చారు, ఒక అమ్మాయి తప్ప. తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది. అందులో ఉన్నది: అమ్మ ఏ, నాన్న ఓ, తను బి. అమ్మ ఏ, నాన్న ఓ అయితే పిల్లలకు బి రాదని ముందురోజు బోర్డు మీద రాసింది నేనే. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. “మేడమ్, పాప అన్నం సరిగా తినట్లేదు. నన్ను అదోలా చూస్తోంది” అన్నారు.

(ఆ కుటుంబం సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఎవరని దయచేసి ఆరా తీయకండి.)

ముగ్గురినీ బడికి రమ్మన్నాను. మీ గ్రూపు ఎక్కడ చూసి చెప్పారండీ అని నాన్నగారిని అడిగితే పర్సులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి చూపించారు. ఓ పాజిటివ్ అని ఉంది. పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి నవ్వేశారు. లైసెన్సు తీసుకున్న రోజు ఫారం నింపినాయన గ్రూపేంటని అడిగాడట, తెలీదన్నారట. “ఓ పాజిటివ్ వేసేస్తాను సార్, చాలామందికి అదే” అన్నాడట. పద్దెనిమిదేళ్లుగా ఆ ఓ అలాగే ఉండిపోయింది. బ్యాంకులో, ఆఫీసులో, పాప బడి ఫారంలో, అన్నిచోట్లా ఆయన దాన్నే చూసి రాశారు.

ఆ సాయంత్రమే మా వీధి చివర ల్యాబుకి వెళ్లాం, అమ్మాయి కూడా వచ్చింది. తెల్లటి పలక మీద నాన్నగారి వేలి నెత్తురు మూడు చుక్కలు పెట్టారు. ఒకదాని పక్కన నీలం మందు, అదే యాంటీ-ఏ. రెండోదాని పక్కన పసుపు మందు, అది యాంటీ-బి. మూడోది రంగులేని యాంటీ-డి, పాజిటివో నెగటివో చెప్పేది. మందు కలిపిన చుక్క గడ్డ కడితే ఆ రకం రక్తంలో ఉన్నట్టు. పుల్లతో కలిపి పలకను మెల్లగా అటూ ఇటూ వంచారు. నీలం కలిపిన చుక్క అలాగే నున్నగా ఉంది. పసుపు కలిపిన చుక్క నిమిషం తిరక్కుండా విరిగిన పాలలా గడ్డలు కట్టింది. మూడోదీ అంతే. అంటే బి పాజిటివ్. ఆ అమ్మాయి పలక మీదికి వంగి ఎంతసేపు చూసిందో చెప్పలేను. “నాన్నా, నీది నాదే!” అంది. అప్పటిదాకా బింకంగా ఉన్న వాళ్లమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

ఇంటి వివరాలు తెమ్మని నేను అడగకుండా ఉండాల్సింది. ఆ హోంవర్కు ఇకమీదట మా బడిలో ఉండదు. లెక్క నేర్పడానికి ఊహించుకున్న కుటుంబాలు చాలు.

ఆ లెక్క మీకూ తెలిస్తే మంచిది. ఇలాంటి అనుమానంతో ఎవరూ రెండు రాత్రులు నిద్ర మానుకోనక్కర్లేదు. ముక్కు నాన్నది, నడక మేనత్తది అంటాం చూడండి, ఆ పోలికల కంటే ఇది చాలా తేలిక. గ్రూపును నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంటుంది. ప్రతి మనిషిలో దానికి రెండు ప్రతులు, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఆ ప్రతి మూడు రకాల్లో ఏదైనా కావచ్చు: ఏ, బి, ఓ. ఎర్ర రక్తకణం పైన ‘హెచ్’ అనే కొక్కెం లాంటిది ఉంటుంది. ఏ జన్యువు దానికి ఒక రకం చక్కెర తగిలిస్తుంది, బి జన్యువు ఇంకో రకం తగిలిస్తుంది, ఓ ఏమీ తగిలించదు. అందుకే ఓ పక్కన ఏ ఉంటే పైకి ఏ మాత్రమే కనిపిస్తుంది. ఓ లోపల ఊరుకుంటుంది కానీ పోదు.

“ఇద్దరం ఏ, పిల్లాడు ఓ ఎలా అయ్యాడు?” అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఇద్దరిలోనూ ఒక్కో ఓ దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఆ రెండు ఓలూ కలవడానికే. అమ్మ ఏ, నాన్న బి అయి, ఇద్దరిలోనూ ఓ దాగి ఉంటే నలుగురు పిల్లలకు నాలుగు గ్రూపులు వచ్చినా వింత లేదు. ఇద్దరూ ఓ అయితే పిల్లలూ ఓనే. ఒకరు ఏబి, ఒకరు ఓ అయితే పిల్లలు ఏ గానీ బి గానీ అవుతారు. అమ్మానాన్నల్లో ఎవరి గ్రూపూ రాదు! క్లాసులో పిల్లలు ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఇక్కడే.

ఈ లెక్క తేలడానికి శాస్త్రవేత్తలకే చాలాకాలం పట్టింది. కార్ల్ లాండ్‌స్టైనర్ వియన్నాలో 1901లో ఏ, బి, సి అని మూడు గ్రూపులు చెప్పారు. ఆ సి యే తర్వాత ఓ అయింది. ఏబి 1902లో బయటపడింది. గ్రూపులు వంశపారంపర్యంగా వస్తాయని 1910లో తేలింది కానీ, ఏకి ఒక జన్యువు, బికి వేరే జన్యువు అనుకున్నారు. ఆ లెక్కన ఏబి తల్లికి ఓ గ్రూపు బిడ్డ పుట్టొచ్చు. అది తప్పనీ, ఒకే చోట మూడు రకాలనీ 1924లో చెప్పింది డాక్టరు కాదు, ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అనే జర్మన్ లెక్కల ప్రొఫెసరు. జనాభాలో ఏయే గ్రూపు ఎంతమందికి ఉందో ఆ అంకెలు చూసి పట్టేశాడు. లెక్కలంటే మొహం చాటేసే మా పిల్లలకు ఈ కథ తప్పకుండా చెబుతుంటాను.

పాజిటివ్, నెగటివ్ సంగతి వేరే. ఆ జన్యువు 1వ క్రోమోజోము మీద ఉంటుంది. పాజిటివ్ ముందు నెగటివ్ దాక్కుంటుంది కాబట్టి ఇద్దరు పాజిటివ్‌లకు నెగటివ్ బిడ్డ పుట్టొచ్చు. ఇద్దరూ నెగటివ్ అయితే పిల్లలూ నెగటివే. మన దేశంలో నెగటివ్ వాళ్లు నూటికి ఐదుగురు దాకా ఉంటారు. నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే తర్వాతి కాన్పులకు ఇబ్బంది రావచ్చు. అందుకే కాన్పయ్యాక 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షను ఇస్తారు. భార్యాభర్తలది ఒకే గ్రూపు అయితే పిల్లలకు లోపాలొస్తాయన్న మాట మన పెళ్లిచూపుల్లో ఇంకా వినిపిస్తోంది. అందులో నిజం లేదు.

లెక్కకు అందని అరుదైన సందర్భాలూ ఉన్నాయి. కొందరిలో ఆ హెచ్ కొక్కెమే ఉండదు. ఏ, బి జన్యువులు ఉన్నా తగిలించే చోటు లేక, మామూలు పరీక్షలో ఓ అనే వస్తుంది. డాక్టర్ భెండే, ఆయన తోటివారు 1952లో బొంబాయిలో గుర్తించారు కాబట్టి దీన్ని బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో సుమారు పదివేలమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న ప్రతి అందితేనే ఇది వస్తుంది కాబట్టి మేనరికాల్లో అవకాశం ఎక్కువ. వీళ్లకు ఓ రక్తం కూడా పనికిరాదు, ఇంకో బాంబే గ్రూపు మనిషే ఇవ్వాలి. ఇలాంటి తల్లికో తండ్రికో ఏబి బిడ్డ పుట్టినా జన్యువుల తప్పు కాదు, మనిషి తప్పు అసలే కాదు.

ఇంత అరుదైనదాన్ని అనుమానించే ముందు కాగితాన్ని అనుమానించండి. ఫారాలు చూసే మా ఆఫీసు ఆయా అంటుంది, “అది ఓనా, సున్నానా, ఆరా అమ్మా?” అని. ఏబి లో బి చెరిగిపోతే ఏ అవుతుంది. జిరాక్సులో ప్లస్సు గుర్తు నిలువు గీత పోగొట్టుకుంటే మైనస్సు అవుతుంది. పలక మీద చుక్క ఎండిపోయినా తొందరలో గడ్డ కట్టినట్టే కనిపిస్తుంది. ఇంకొకటి, పుట్టినప్పుడు తీసిన గ్రూపు. కణాలను చూశాక సీరంలోని (రక్తంలోని నీటి భాగం) యాంటీబాడీలతోనూ, అంటే తనది కాని గ్రూపు కణాలను పట్టుకునేవాటితోనూ, సరిచూస్తేనే గ్రూపు ఖాయం. పసికందులో సొంత యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కణాల మీద గుర్తులూ పలచగానే ఉంటాయి. కాన్పు ఫైలు చూసి గడి నింపేవాళ్లు పిల్లలకు మళ్లీ ఒకసారి పరీక్ష చేయించండి.

గడి ఖాళీగా ఉంటే ఆపదలో ఎలాగని కొందరు అడిగారు. ఏ ఆసుపత్రీ ఐడీ కార్డు చూసి రక్తం ఎక్కించదు. మామూలుగా అప్పటికప్పుడు గ్రూపు చూసి, దాత రక్తంతో కలిపి సరిచూశాకే ఎక్కిస్తారు. తల్లి రక్తం బిడ్డకు ఎప్పుడూ పడుతుందన్నది కూడా భ్రమే. తల్లి ఏ, బిడ్డ బి అయితే పడదు.

ఇక పని సంగతి. రిపోర్టు నకలుతో గడి నింపిన ఫారాలు, ఖాళీగా వదిలినవి, రెండూ ఈ నెల ఆఖరి శుక్రవారంలోపు క్లాసు టీచరుకి పంపండి. పాత కార్డులో పడిన గ్రూపు తప్పని తేలితే ఆఫీసులో చెప్పండి, కొత్త కార్డుకి డబ్బు తీసుకోం. ఎమిస్‌లో (ప్రభుత్వం దగ్గరుండే విద్యార్థుల ఆన్‌లైన్ రికార్డు) కూడా మేమే మారుస్తాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్లస్ వన్‌లో (పదకొండో తరగతి) ఉంది, బయాలజీ గ్రూపే తీసుకుంది. వాళ్ల నాన్నగారు లైసెన్సు మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టారట. ఈసారి ఫారం కూతురే నింపిందట.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
పెరంబూరు, చెన్నై