బొగ్గూ మంచినీళ్ళూ: రాంబాబుకి ఉత్తరం

ఒరేయ్ రాంబాబూ,

నీ వాయిస్ మెసేజ్ వచ్చి వారం దాటిపోయింది, జవాబు ఇవ్వలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, కానీ నేను చెప్పబోయే ఈ పాత యుద్ధనౌక కథ ఫోన్‌లో గబగబా చెప్పేసే సంగతి కాదు రా, కూర్చుని రాయాలనిపించింది, అందుకే ఆదివారం పొద్దున్నే టీ పెట్టుకుని మొదలెట్టాను. నువ్వు కూడా తీరుబడిగా ఉన్నప్పుడే చదువు. వీలైతే మీ నాన్నగారికి చదివి వినిపించు, ఎందుకో చివర్లో చెప్తాను.

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, పోర్ట్‌లాండ్‌లో విల్లామెట్ నది ఒడ్డున నడుస్తున్నాను, సన్నగా తుప్పర పడుతోంది, అక్కడ వాటర్‌ఫ్రంట్ పార్కులో గడ్డి మధ్య ఒక పాత ఓడ మాస్టు (ఓడ మీద నిలువుగా ఉండే స్తంభం) నిలబెట్టి ఉంటుంది. ఇన్నేళ్ళుగా పక్కనుంచే పోతున్నాను, ఏదో జెండా కర్ర అనుకునేవాణ్ణి. ఆ రోజు ఎందుకో ఆగి కింద రాసింది చదివాను. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తడిగా ఉంది, పొర మీద పొర పెయింటు, ఆ పెయింటు కింద రివెట్ల బొడిపెలు వేళ్ళకి తగులుతున్నాయి. గుడి ముందు ధ్వజస్తంభం ఉండి వెనక గుడి లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది రా. ఆ గుడి ఏమైందో తెలుసుకుందామని ఇంటికొచ్చి మొదలెట్టినవాణ్ణి రాత్రి రెండింటిదాకా చదువుతూనే ఉన్నాను.

ఆ ఓడ పేరు యూఎస్ఎస్ ఆరెగాన్. అమెరికావాళ్ళు 1890లో మూడు బ్యాటిల్‌షిప్‌లు కట్టుకోవాలని నిర్ణయించారు, ఇండియానా, మసాచుసెట్స్, ఆరెగాన్ (ఇక్కడ ఇండియానా అంటే మన ఇండియా కాదు, వాళ్ళ రాష్ట్రం పేరు). మొదటి రెండూ తూర్పు తీరంలో కట్టారు, మూడోది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనియన్ ఐరన్ వర్క్స్ అనే కార్ఖానాకి ఇచ్చారు. అప్పటిదాకా పడమటి తీరంలో ఇంత పెద్ద యుద్ధనౌక ఎవరూ కట్టలేదు. కవచం రేకులేమో దేశానికి ఆ చివర పెన్సిల్వేనియాలో తయారవ్వాలి, అక్కణ్ణించి ఇక్కడికి చేరాలి. ఆ రేకులు టైముకి రాక పని సాగీ సాగీ, 1891 నవంబరులో అడుగు దూలం వేసిన ఓడ 1893 అక్టోబరులో నీళ్ళలోకి దిగితే, నేవీ చేతికి వచ్చేసరికి 1896 జులై అయింది.

351 అడుగుల పొడవు, పదివేల టన్నుల పైన బరువు. నీటి మట్టం దగ్గర ఉక్కు కవచం 18 అంగుళాలు, అంటే సరిగ్గా మూరెడు మందం రా, నీ మోచెయ్యి దగ్గర్నుంచి వేలి కొసదాకా చూసుకో, అంత ఉక్కు. ముందు రెండు వెనక రెండు పెద్ద ఫిరంగులు, వాటి మూతి వెడల్పు 13 అంగుళాలు, ఒక్కో గుండు అరటన్ను బరువు. ఇవి కాక 8 అంగుళాలవి ఎనిమిది. ఇంత చిన్న ఓడ మీద ఇన్ని ఫిరంగులు ఎక్కించడమే దానికి తంటా తెచ్చిపెట్టింది. డెక్కు నీటికి మరీ దగ్గరగా ఉండేది, కాస్త కెరటం లేస్తే ముందు భాగమంతా నీళ్ళే. ఫిరంగులన్నీ ఒకే పక్కకి తిప్పితే ఓడ ఆ పక్కకి ఒరిగిపోయేది, ఎందుకంటే ఆ టరెట్ల (ఫిరంగులు బిగించి ఉండే, తిరిగే గూళ్ళ) బరువు అటూ ఇటూ సమానంగా పంచలేదు. ఇండియానా సంగతైతే 1896లో తుఫానులో టరెట్ల బిగింపులు ఊడిపోయి, అంతంత ఫిరంగులు ఓడ ఊగినట్టల్లా అటూ ఇటూ తిరిగాయట. ఇందులో నేను కట్టినవాళ్ళని అనను, వాళ్ళు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం బాగానే కట్టారు, తప్పంతా గీసిన దగ్గరే ఉంది. తీరం కాపలాకే అని కాంగ్రెస్‌కి (అమెరికా పార్లమెంటుకి) చెప్పి ఒప్పించిన ఓడ, మహాసముద్రాలు దాటడానికి అనుకున్నది కానే కాదు.

అలాంటి ఓడ చేత ఏం చేయించారో చూడు.

1898 ఫిబ్రవరి 15 రాత్రి, అప్పటికి స్పెయిన్ చేతిలో ఉన్న క్యూబాలో హవానా రేవులో మెయిన్ అనే అమెరికా ఓడ పేలిపోయింది, 260 మంది పైనే చచ్చిపోయారు. స్పెయిన్‌తో యుద్ధం తప్పదనుకున్నారు, యుద్ధం అంటే అట్లాంటిక్ వైపే, ఆరెగాన్ ఏమో పసిఫిక్ వైపు. పనామా కాలువ అప్పటికి లేదు (అది 1914లో తెరిచారు). అంటే దక్షిణ అమెరికా అంతా చుట్టి రావాలి. మార్చి 17న చార్ల్స్ క్లార్క్ అనే కెప్టెన్ ఆ ఓడ బాధ్యత తీసుకున్నాడు, 19న బయల్దేరిపోయాడు, మధ్యలో ఒక్కటంటే ఒక్క రోజు. కొత్త ఓడ, కొత్త మనుషులు, 14,000 నాటికల్ మైళ్ళ (సముద్రపు మైళ్ళ) దారి.

ఇక్కణ్ణించి జాగ్రత్తగా విను, ఎందుకంటే నాకు ఈ ఓడ కథంతా కెప్టెన్ గదిలో లేదు, కింద బాయిలర్ల గదిలో ఉంది.

చీఫ్ ఇంజనీర్ పేరు రాబర్ట్ మిలిగన్. బయల్దేరిన కొన్నాళ్ళకే ఆయన కెప్టెన్ దగ్గరికొచ్చి ఒక మాట అడిగాడు, బాయిలర్లకి ఉప్పునీళ్ళు పొయ్యనివ్వద్దు, మంచినీళ్ళే వాడదాం అని. ఉప్పునీళ్ళు పోస్తే లోపల పెచ్చులు కట్టేస్తుంది, వేడి సరిగ్గా ఎక్కదు, బొగ్గు ఎంత వేసినా ఓడ స్పీడు తగ్గిపోతుంది, మన ఇళ్ళల్లో వేడినీళ్ళు కాచే బాయిలర్ అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే సంగతి. కానీ ఓడలో మంచినీళ్ళు ఎంతుంటాయి రా. బాయిలర్లకి ఇస్తే మనుషులకి తగ్గించాలి, అదీ భూమధ్యరేఖ దాటే దారిలో, నాలుగు పెద్ద బాయిలర్లు మండుతున్న ఇనప పెట్టెలో. క్లార్క్ ఆ సంగతి నావికులందరికీ విడమర్చి చెప్పాడు. వాళ్ళు కాదనలేదు. తాగేందుకు దొరికిన కాసిని నీళ్ళూ గోరువెచ్చగానే తాగారు. ఓడలో ఉన్న కొంచెం ఐసు ఉంది చూడు, అది ఆఫీసర్లూ నావికులూ ఎవరూ ముట్టుకోకుండా మొత్తం కింద బొగ్గు వేసేవాళ్ళకి ఇచ్చేశారు. ఇది చదివిన చోట నేను ఆగిపోయాను రా, చాలాసేపు తర్వాతి లైను చదవలేకపోయాను.

వెంటనే మీ నాన్నగారు గుర్తొచ్చారు. వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేసిన రోజుల్లో డ్యూటీ దిగి వచ్చేవారు కదా, కనురెప్పల మీద కూడా బొగ్గు పొడి, వస్తూనే మీ అమ్మగారు చెంబు ఇస్తే గుటక వెయ్యకుండా ముందు నోరు పుక్కిలించి నల్లటి నీళ్ళు ఉమ్మేసేవారు. మనం అరుగు మీద కూర్చుని చూస్తుండేవాళ్ళం. "బండికి నీళ్ళు ముందు, తర్వాతే మనకి" అనేవారు, గుర్తుందా? అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఈ ఓడ గురించి చదువుతుంటే ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

దారిలో ఒకచోట బొగ్గు నిలవ చేసిన గదిలో దానంతట అదే నిప్పు రాజుకుంది, పొగలోనే గంటలకొద్దీ బొగ్గు తవ్వి తీసి ఆర్పారు. ఏప్రిల్ 16 రాత్రి దక్షిణ అమెరికా కొసన మెగలన్ జలసంధిలో తుఫాను, రెండు లంగర్లు వేసి ఆ రాళ్ళ మధ్య తెల్లారేదాకా నిలబడ్డారు. ఏప్రిల్ 30న రియో డి జనీరో చేరాకే తెలిసింది యుద్ధం మొదలైపోయిందని. ఇంకో చిన్న ముచ్చట, బ్రెజిల్ తీరం దాటాక సముద్రం మధ్యలో వీళ్ళకి జాషువా స్లోకమ్ కనిపించాడు, స్ప్రే అనే చిన్న తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి వస్తున్న మనిషి. దారిలో యుద్ధనౌకలేమైనా కనిపించాయా అని ఆరెగాన్ జెండాలతో అడిగితే, లేదు అని చెప్పి, మనిద్దరం తోడుగా పోదాం, ఒకరికొకరు రక్షణ అని తిరిగి జెండాలు ఎగరేశాడు! ఒక్కడున్న పడవ ఆ ఉక్కుకొండతో అన్నమాట అది, నాకు ఆ మనిషి భలే నచ్చాడు.

మే 24న ఫ్లోరిడాలో జూపిటర్ ఇన్‌లెట్ దగ్గర లంగరేశారు. 66 రోజులు. వచ్చిన ఓడని నెలల తరబడి రిపేర్లకి పంపుతారనుకుంటాం కదా, జూన్ 1కల్లా క్యూబాలో శాంటియాగో రేవు బయట స్పెయిన్ ఓడల కోసం కాపలా కాస్తోంది.

జులై 3, ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక స్పెయిన్ ఓడలు ఒకదాని వెనక ఒకటి రేవులోంచి బయటికి దూసుకొచ్చాయి. మిగతా అమెరికా ఓడల్లో కొన్ని బొగ్గు పొదుపుకని బాయిలర్లు కొన్ని ఆర్పేసి ఉన్నాయి, మసాచుసెట్స్ అయితే బొగ్గు నింపుకోడానికి వేరే చోటికి పోయి అసలు అక్కడ లేనే లేదు. ఆరెగాన్‌లో మాత్రం మిలిగన్ అన్ని బాయిలర్లూ వేడి మీదే ఉంచాడు. పైగా మంచి కార్డిఫ్ బొగ్గు (బ్రిటన్‌లో వేల్స్ నుంచి వచ్చేది) కొంత విడిగా దాచిపెట్టాడు, ఇలాంటి రోజు కోసమని. మిగతా స్పెయిన్ ఓడలు మండిపోయి ఒడ్డుకి కొట్టుకుపోయాక క్రిస్టోబల్ కోలన్ ఒక్కటే పడమటికి పారిపోయింది, అది చాలా స్పీడైన ఓడ, కానీ పాపం దాని పెద్ద ఫిరంగులు అసలు బిగించనే లేదు, మంచి బొగ్గు కూడా మధ్యలోనే అయిపోయింది. గంటకి పదిహేను నాటికల్ మైళ్ళకి కట్టిన మన బరువు ఓడ దాని వెనకాలే దగ్గర దగ్గర 50 మైళ్ళు తరిమి, 13 అంగుళాల గుండ్లు దగ్గర్లో పడేసరికి అది మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒడ్డుకెక్కి జెండా దించేసింది. ఆ రోజు స్పెయిన్ వాళ్ళు 300 మంది పైనే పోయారు, అమెరికా వైపు ఒక్కడు. ఇది చదివి నాకు సంతోషం కలగలేదు రా, ఆ స్పెయిన్ ఓడల్లో కింద బొగ్గు వేసేవాళ్ళు కూడా ఉంటారు కదా, మంటల్లో తలుపులు మూసుకుపోయాక వాళ్ళెటు పోతారు.

తర్వాతి సంగతులు టూకీగా చెప్తాను. ఫిలిప్పీన్స్ వెళ్ళింది, 1900లో చైనా వెళ్తూ పొగమంచు ఉన్న చోట రాతికి గుద్దుకుని వారం పాటు ఇరుక్కుపోయింది, జపాన్‌లో కురేలో రిపేరు చేయించారు. 1918లో సైబీరియాకి సైన్యం వెళ్తుంటే తోడుగా వెళ్ళింది. అప్పటికే ముసలిదైపోయింది, 1925లో ఆరెగాన్ రాష్ట్రానికి ఇస్తే పోర్ట్‌లాండ్‌లో నది ఒడ్డున మ్యూజియం చేశారు, మన విశాఖ బీచిలో కుర్సురా సబ్‌మెరీన్ ఉందే, అలాగన్నమాట.

అలా ఉంచేసినా బాగుండేది. రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము కావాలని 1942 డిసెంబరు 7న దాన్ని తుక్కు కింద అమ్మేశారు. కొలంబియా నది మీద కలామా అనే ఊరికి లాక్కెళ్ళి పైనున్నదంతా కోసేశారు, కోస్తూ కోస్తూ ఉండగా నేవీ ఆపమంది, ఎందుకంటే ఆ ఖాళీ డొక్క పనికొస్తుందట. అందులో డైనమైట్ నింపి 1944లో పసిఫిక్‌లో ఉన్న గ్వామ్ దీవికి పంపారు. యుద్ధానికి ఇనుము కావాలనే కదా కోసింది, మరి సగంలో ఆపడానికి దాన్ని కొయ్యడం దేనికి? నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

1948 నవంబరులో గ్వామ్‌లో తుఫాను వచ్చి తాళ్ళు తెంపుకుని ఆ డొక్క సముద్రంలోకి పోయింది. ఇంజను లేదు, మనిషి లేడు. మూడు వారాల తర్వాత ఐదొందల మైళ్ళ దూరంలో తేలుతూ విమానాలకి కనిపించింది, మునగలేదు. చూశావా, తీరం దాటొద్దని కట్టిన ఓడ. మళ్ళీ లాక్కొచ్చి కట్టేశారు, 1956లో అమ్మేస్తే జపాన్‌లో కవాసాకికి తీసుకెళ్ళి ముక్కలు చేశారు. అదే ఏడు జులై 4న పోర్ట్‌లాండ్‌లో ఈ మాస్టుని నిలబెట్టారు.

మాస్టు అంటే ఓడలో అన్నిటికన్నా పైనుండేది, గాలీ వెలుతురూ తగిలేది. అదొక్కటే మిగిలింది. బాయిలర్ల గది పోయింది, ఆ పారలు పోయాయి, ఐసు పెట్టుకున్న బకెట్లు పోయాయి. అక్కడ నిలబడి పైకి చూడబుద్ధి కాలేదు నాకు, దాని మొదలు వైపే చూస్తూ ఉండిపోయాను.

సరే, అడగాల్సింది ఇది. మీ నాన్నగారిని అడిగి నాకు రాయి, ఎండాకాలంలో ఒక డ్యూటీకి ఎన్ని నీళ్ళు పట్టుకెళ్ళేవారు, ఇంజను మీద దేంట్లో పెట్టుకునేవారు, చల్లగా ఎలా ఉంచుకునేవారు. బొగ్గు వేసేటప్పుడు పార చివర్లో ఎలా తిప్పాలో మనకి ఒకసారి చీపురుకట్టతో చూపించారు, అది కూడా అడుగు, నాకు సగమే గుర్తుంది. ఆయన చెప్తున్నప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి పంపినా సరే. డిసెంబరులో వస్తున్నాను, ఆయనకి నడవడానికి ఓపికుంటే ముగ్గురం పొద్దున్నే బీచికి వెళ్దాం, ఎండ ఎక్కకముందే.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ
సత్యం