ఎక్కడా దొరకని సినిమాను చూడమంటారా?

సంపాదకుడికి,

మీ ఆదివారం సంచికలో కొరియా మూకీ చిత్రం ‘అరిరాంగ్’ మీద వ్యాసం వచ్చి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ పేపరంతా తిరగేశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ చిత్రాన్ని నేటి యువత తప్పక చూడాలని మీ వ్యాసకర్త సలహా ఇచ్చారు. ఎక్కడ చూడాలండీ? 1926 అక్టోబర్ 1న సియోల్‌లోని దాన్సంగ్సా థియేటరులో విడుదలైన ఆ సినిమా ప్రింటు ఈనాటికీ దొరకలేదు. తన దగ్గర ఉందని జపానులోని ఒసాకాలో పాత సినిమాలు సేకరించే ఒకాయన ఏళ్ల తరబడి చెప్పాడు. 2005లో ఆయన పోయాక వెతికితే ఆ రీళ్లు ఆయన సేకరణలో లేవు. పైగా మీరు వ్యాసం పక్కన వేసింది రంగుల ఫోటో! ఆ కథను తరవాత చాలాసార్లు మళ్లీ తీశారు, వాటిలో దేనిదో తెచ్చి 1926 అని రాశారు. అచ్చువేసే ముందు ఒక్కసారి సరిచూసే మనిషే లేకుండా పోయాడా?

అసలు చెప్పవలసింది వదిలేశారు. దాన్ని రాసి, తీసి, నటించిన ‘నా ఉన్‌గ్యు’ అనే కొరియా యువకుడికి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. జపాను పాలన మీద కొరియా జనం లేచిన 1919 మార్చి ఉద్యమంలో జపాను పోలీసుల చిత్రహింసలకు మతి చలించిన యువకుడి కథ అది. చెల్లెలి మీద చెయ్యి వేయబోయిన భూస్వామి మనిషిని కొడవలితో నరుకుతాడు. నెత్తురు చూశాక మతి తిరిగి వస్తుంది. చేతులు కట్టి కొండ దాటిస్తుంటే ‘అరిరాంగ్’ పాట సాగుతుంది. తెర పక్కన నిలబడి కథ చెప్పే బ్యొన్సా గొంతుతో కలిసి ఆ పాట జనంలోకి పోయింది. 1991లో ఉభయ కొరియాల ఉమ్మడి టేబుల్ టెన్నిస్ జట్టుకు జాతీయగీతంగా పెట్టుకున్నది కూడా ‘అరిరాంగ్’ పాటనే. ఇంత కథ ఉంటే మీరు నటీనటుల దుస్తుల గురించి రెండు పేరాలు రాశారు.

కొరియావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1934 నాటి మరో మూకీ రీళ్లు 2007లో దొరికితే బాగుచేసి, బ్యొన్సాను పక్కన నిలబెట్టి ఇప్పటికీ ఆడిస్తున్నారు. మనకు రఘుపతి వెంకయ్య పేరు మీద అవార్డు ఉంది, ఆయన 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు లేదు.

మా ఊరి టూరింగ్ టాకీసు మూతపడినప్పుడు రీళ్ల డబ్బాలు మూడు అడిగి తెచ్చుకున్నాను. పోయిన వేసవిలో ఒకటి తెరిస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. ఫిల్ము బెల్లపచ్చులా ఒకటిగా అతుక్కుపోయింది, గోరు దూర్చడానికి కూడా సందు లేదు. మిగతావాటినైనా కాపాడమని రెండు కార్యాలయాలకు తిరిగాను. ‘మా పరిధి కాదు’ అన్నారు, ఎవరి పరిధో చెప్పలేదు.

ఆ రెండు డబ్బాలు ఇంకా తెరవలేదు. ఎవరికి అప్పగించాలో మీ విలేకరి కనుక్కుని రాస్తే పట్టుకెళతాను. ముందు ఆ ఫోటోకు సవరణ వేయండి.

– ఒక పాత చందాదారు, తెనాలి