స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి నాయనకు

నాయనా,

మొన్న ఆదివారం మా పాప చిన్నికి గుర్రం కొనే మాట ఎత్తగానే "ఇదిగో మీ అమ్మ" అని ఫోన్ ఇచ్చేశావు. అమ్మ ఏడ్చింది. నువ్వు పక్కనే ఉన్నావని దగ్గు వినబడి తెలిసింది. మళ్ళీ ఫోన్ చేసినా అంతే చేస్తావని ఉత్తరం రాస్తున్నా. అమ్మకూ జేజికీ కూడా చదివి వినిపించు.

మేం బాగున్నాం. నాకు ఈ నెలంతా రాత్రి డ్యూటీలు, మీ అల్లుడికి పగలు. మధ్యాన్నం మూడున్నరకే పొద్దు గూకుతోంది. మొన్న బొరుగులు దొరికితే ఉగ్గాని చేసినా, చిన్ని రెండుసార్లు పెట్టించుకుంది.

చిన్నాయన భుజం సంగతి మర్చిపోయి ఈ పని చేస్తున్నాననుకోకు నాయనా. ఆ చెయ్యి ఎత్తి చొక్కా తొడుక్కోలేడని నాకు తెలుసు. మన ఇంట్లో ఎవరూ ఎత్తని మాట, నేనే ఎత్తుతున్నా. జేజినాయన జట్కాకు కొత్తగా తెచ్చిన గుర్రం అది, మూడేళ్ళది, ఇంకా బండికి మరగలేదు. అప్పటికి ఐదేళ్ళ పిల్లోడు చిన్నాయన, గడ్డిమోపు పట్టుకొని ఒక్కడే దాని వెనక నుంచి పోయినాడు, అది తన్నింది. తప్పు గుర్రానిదీ కాదు, పిల్లోడిదీ కాదు.

నిజం చెప్తున్నా, మొదట నేనూ అలాంటిదాన్నే కొనబోయినాను. తెల్లది, మూడేళ్ళది, కళ్ళ మీద పడే జూలు. చిన్ని దాని మెడ పట్టుకొని వదల్లేదు. మేం పోయేసరికి జీను వేసి, కళ్ళెం పెట్టి సిద్ధంగా నిలబెట్టినారు. మెడ కింద చెయ్యి పెడితే చెమట. అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. ఎమ్మిగనూరు జాతరలో ఆ కొమ్ములకు రంగేసిన కోడెను అందరూ మెచ్చుకుంటుంటే, నువ్వు దాని మెడ నిమిరి, "పొద్దున్నుంచి తిప్పి తిప్పి అలగొట్టినారు, దీని అసలు గుణం మన ఇంటికొచ్చినాక బయటపడుతుంది" అని బేరమాడుతున్న తువ్వాల కింద నుంచి చెయ్యి లాగేసుకున్నావు. నేనూ డబ్బులు ఇవ్వకుండా వచ్చేసినా. కారులో చిన్ని ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడు చూసింది 17 ఏళ్ళది. ముసలిదని అమ్మ అంటుంది. ఈ పొట్టి గుర్రాలు, పోనీలు, 25, 30 ఏళ్ళు బతుకుతాయి. ఏమీ తెలియని పిల్లకు అన్నీ తెలిసిన గుర్రమే కావాలి. ఇప్పటికే ముగ్గురు పిల్లల్ని మోసింది. మగదే, విత్తులు కొట్టించినది. ఎత్తు 38 అంగుళాలు, నీ నడుము దాటదు. షెట్లండ్ జాతి. మా ఊరి రేవులో సాయంత్రం ఓడెక్కితే తెల్లారేసరికి దిగే దీవులు, అక్కడివి. ఈ జాతిలో కొన్ని పీపాల్లాగా ఉంటాయి, పిల్లల కాళ్ళు రెండు పక్కలా చాపుకుపోయి పట్టు దొరకదు. ఇది అంత వెడల్పు లేదు.

1842లో ఈ బ్రిటన్ దేశంలో ఆడవాళ్ళనూ, పదేళ్ళు నిండని మగపిల్లలనూ బొగ్గు గనుల్లోకి దింపకూడదని చట్టం చేసినారు. వాళ్ళు లాగిన బండ్లు లాగడానికి తర్వాత ఈ గుర్రాలను ఎక్కువగా దింపినారు. పిల్లల బదులు ఆ చీకట్లోకి దిగిన జాతి నాయనా. అది తెలిసినప్పటి నుంచి వీటిని చూస్తే నాకు కడుపులో ఏదోలా ఉంటుంది.

ఈసారి ముందే చెప్పినా, గుర్రాన్ని బీట్లోనే ఉంచండి, మేం వచ్చినాకనే పట్టుకోండి అని. వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్ల పోయి పిలిస్తే నడిచొచ్చింది. నాలుగు కాళ్ళూ ఎత్తి గిట్టల్లో మట్టి గీకనిచ్చింది. జీను పట్టీ బిగిస్తే తల తిప్పి కొరకలేదు. ముందు వాళ్ళ పిల్ల ఎక్కి చూపించింది, తర్వాతే చిన్ని. దాణా బకెట్ కావాలనే కింద పడేసినా. పక్క దారిలో ట్రాక్టరు పోయింది. చిన్ని ఉన్నట్టుండి కీచుమని అరిచింది. గుర్రం చెవులు అటు తిప్పింది, అంతే. మిగతా గుర్రాలను వదిలి ఒక్కటే గేటు దాటి వస్తుందా అని కూడా చూసినా, వచ్చింది. రెండు రోజులాగి చెప్పకుండా వానలో పోయినా అదే గుణం.

ఒక్కటి నచ్చలేదు, జేబులు వెదుకుతుంది. చేత్తో తినిపిస్తే వేళ్ళు కొరికే అలవాటు పడుతుంది. అందుకే ఏది పెట్టినా బకెట్లోనే. ఉలవలు నానబెట్టి పెట్టమని జేజి అంటుందేమో. దీనికి ఉలవలు కాదు కదా, పచ్చగడ్డి కూడా ఎక్కువ కాకూడదు. ఎండాకాలం ముందు గడ్డి తియ్యగా ఉంటుందంట, అది ఎక్కువ మేస్తే గిట్టల లోపల వాపొచ్చి నిలబడలేవు. ఆకలితో ఉంచుతున్నామనుకోవద్దు, ఎండుగడ్డి నానేసి పెడతారు.

ఇప్పుడే కొనడం లేదు. ఆరునెలలు మా దగ్గర ఉంచుకునేట్టు కాగితం రాసుకున్నాం. మేతా డాక్టరు ఖర్చూ మావి, గుర్రం వాళ్ళది. సరిపడకపోతే తిరిగి ఇచ్చేస్తాం. కొనే రోజు వస్తే పశువుల డాక్టరు పరీక్ష చేసి, రక్తం కూడా తీసి ఆరునెలలు దాచిపెడతారు. తర్వాత గుణం మారితే, మత్తుమందో నొప్పిమందో ఇచ్చి అమ్మినారా అని పరీక్షిస్తారు. సంతకు ఎద్దుకు కల్లు తాపి తెచ్చేవాళ్ళ సంగతి చెప్పేవాడివి కదా, ఇక్కడా మనుషులు మనుషులే.

అమ్మకు చెప్పు, చిన్నిని ఒక్కదాన్నే వదలం. తాడు ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే, అదీ చేతికి చుట్టుకోకూడదు. తలకు హెల్మెట్, ఒక్కసారి పడితే అది పారేసి కొత్తది కొనాలి. కాలు రికాబులోంచి లోపలికి జారకుండా మడమ ఉన్న బూట్లు. ఇరవై నిమిషాలు నడక, అంతే. పరుగుల్లేవు.

ఇంకో మాట, ఇంతవరకు అమ్మకు చెప్పలేదు. బడిలో మూడు నెలలుగా చిన్ని నోరు విప్పడం లేదని టీచరు పిలిచి చెప్పింది. ఇంట్లో కూడా తగ్గిపోయింది. నేను రాత్రి డ్యూటీల్లో ఉండి గమనించలేదు. మొన్న గుర్రం చెవి దగ్గర నోరు పెట్టి "పోదామా? చలేస్తోందా నీకు?" అంటోంది, తెలుగులో. మీ అల్లుడు అటు తిరిగి నిలబడినాడు.

దిగువ కాలువకు నీళ్ళొచ్చినాయా? పత్తి ఎంతకు పోయింది? మోకాలికి పట్టీ వేసుకుంటున్నావా?

నాకు నాలుగేళ్ళప్పుడు మచ్చలెద్దు మీద కూచోబెట్టి చేనికి తీసుకుపోయేవాడివి. రెండో ఎద్దు మీద ఎంత ఏడ్చినా ఎక్కించలేదు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఆదివారం ఫోన్ చేస్తా, అమ్మకివ్వకుండా నువ్వే చెప్పు. జేజినాయన గుర్రాన్ని ఆపేటప్పుడు ఏమని అదిలించేవాడో కూడా చెప్పు, చిన్నికి నేర్పాలి.

నీ పెద్ద కూతురు