కుర్చీల్లో కూర్చోబెడితే సేద్యం వస్తుందా?

సంపాదకుడు గారికి,

గత నెలాఖరున మీ జిల్లా పేజీలో సుస్థిర వ్యవసాయం, పర్యావరణ పరిరక్షణపై గ్రామీణ యువతకు శిక్షణ పూర్తయిందంటూ ఫొటోతో వార్త వేశారు. పది రోజులు దాటింది, రాయాలా వద్దా అని ఊరుకున్నాను. ఆ ఫొటోలో వెనక వరసలో సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డవాళ్లలో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు. అందుకే ఇక ఊరుకోలేకపోతున్నాను.

మూడు రోజుల శిక్షణ. మూడు రోజులూ హాల్లోనే, ఫ్యాన్ల కింద, తెర మీద బొమ్మలు. ఒక్క పూట కూడా చేను మొహం చూపలేదు. వేపగింజల కషాయం గురించి గంటసేపు చెప్పి, అయిదు కిలోల గింజల పొడి, వంద లీటర్ల నీళ్లు అని నోటుబుక్కులో రాయించారట. “పెద్దబాపూ, దాని వాసన ఎట్లుంటదో కూడ చూపియ్యలే” అన్నాడు వాడు ఇంటికొచ్చి. వేపపండ్లు రాలేది మృగశిర, ఆరుద్ర కార్తెల్లో. అప్పుడు ఏరి, ఎండబెట్టి దాచుకుంటేనే పత్తి మీద పురుగు కనబడిన రోజున గింజ చేతికందుతుంది. ఇది తెలిసినవాళ్లెవరూ ఆ శిక్షణ మార్చిలో పెట్టరు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నిధులు ఖర్చు చూపాలన్న తొందరే తప్ప, కార్తె ఏమిటో, పంట ఏ దశలో ఉందో ఆలోచించేవాళ్లు లేరు.

మన జిల్లాలోనే, లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి ఉంది. యాభై కుటుంబాలకు అటూ ఇటుగా ఉండే చిన్న ఊరు. పురుగుమందులు, రసాయన ఎరువులు పూర్తిగా మానేశామని 2006లోనే ప్రకటించుకుంది. దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోతారు. మన పిల్లల్ని మాత్రం అక్కడికి ఒక్కరోజు కూడా తీసుకుపోలేదు! అక్కడి రైతుల పక్కన ఒక వానాకాలం పనిచేస్తే ఏ తెర మీదా దొరకని చదువు వచ్చేది.

ఎర్రగొంగళి పురుగు సంగతే తీసుకోండి. ఆముదం చేలను ఊడ్చేసే పురుగు. తొలకరి పడగానే దాని రెక్కల పురుగులు భూమిలోంచి లేస్తాయి. ఆ రాత్రుల్లో చేలల్లో మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడి చస్తాయి. ఖర్చు లేని పని. కానీ ఒక్కడు వేస్తే లాభం లేదు, ఊరంతా ఒకే రాత్రి వెయ్యాలి. పురుగుకు గట్లు తెలియవు కదా. పాల్వంచ దగ్గర పునుకులలో 2003 నాటికి పురుగుమందు బంద్ అయిందంటే, మహిళా సంఘాలు ముందు నిలబడి ఊరిని ఒక్క మాట మీదికి తెచ్చినందువల్లే. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును పల్లెపల్లెకూ తీసుకుపోయింది. నేర్పింది చాలావరకు సాటి రైతులే. ఆంధ్రలో ఆ దారి వదల్లేదు. అక్కడి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని నడుపుతోంది, అక్కడా రైతుకు రైతే గురువు. మనమెందుకు వదిలేశాం?

ఇక పర్యావరణం. ఆ పాఠం మొక్క నాటి ఫొటో దిగడంతో ముగిసిందట. మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలనుకున్నారు. మా చెరువులోనూ పూడిక తీశారు. ఆ ఒండ్రుమట్టి నా చేనుకు తోలుకున్నాను, ఆ మేలు మరచిపోను. ఇవ్వాళ వెళ్లి చూడండి. కట్ట మీద సర్కారు తుమ్మ, నీళ్ల మీద గుర్రపుడెక్క, చెరువు నీళ్లు నిలవాల్సిన శిఖం భూమిలో కొత్త గట్లు. ఒకప్పుడు తూము ఎప్పుడు తియ్యాలో, మత్తడి ఎప్పుడు దుంకుతుందో చెప్పడానికి నీరటి ఉండేవాడు. అతని తరవాత ఆ పనికి ఎవరినీ పెట్టలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా, విత్తనం, వైద్యం అన్నీ రిజిస్టరుకు ఎక్కాలి. ముప్ఫై నాలుగేళ్లు బడిపంతులుగా చేసినవాణ్ని, మా ఊరి రిజిస్టరు ఇంతవరకు చూడలేదు. ఎవరినడిగినా ‘పైనుంచి రాలేదు’ అంటారు. ఏది అడిగినా ఇదే జవాబు. కల్తీ విత్తనాల మీద ఫిర్యాదు చేసినా ఇదే, వాగులో ఇసుక ట్రాక్టర్ల మీద చేసినా ఇదే.

చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉండరని మళ్లీ మనమే అంటాం. ఉండడానికి ఏం చూపించాం? ఊరికి ఇద్దరిని తీసుకుని నీరటి పని నేర్పండి, రిజిస్టరు వాళ్లతో రాయించండి, కషాయాల పని అప్పగించండి, నెలనెలా జీతం ఇవ్వండి. మా వాడు ఆ సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టి, హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోతానంటున్నాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

అయిదు వేల ఎకరాలకొక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ), రైతులు కూర్చుని మాట్లాడుకునే ఒక రైతు వేదిక మనకున్నాయి. మృగశిరకు రెండు నెలల టైముంది. అధికారులకు చేను దొరకదనుకుంటే నా రెండెకరాలు ఇస్తాను. బావి ఉంది, గట్ల మీద ఆరు వేపచెట్లున్నాయి. పిల్లల్ని పంపించమనండి, పంట చేతికొచ్చేదాకా మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జనగామ జిల్లా