సర్దుబాటు వెయిట్ల సెట్టులో బరువుల తేడా, ఊడిపోయిన స్క్రూ గురించి ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ప్రైమరీ క్లచ్ (ఇంజను వైపు క్లచ్) కోసం మీరు అమ్మిన సర్దుబాటు వెయిట్ల సెట్టులోని లోపాలు, సెట్టు మార్పిడి, చార్టు సవరణ కోరడం.

అయ్యా,

మీ సంస్థ తయారు చేసిన మూడు వెయిట్ల సెట్టును ఈ సీజను ఆరంభంలో కొని, 850 సీసీ టూ స్ట్రోక్ ఇంజను ఉన్న నా స్నోమొబైల్‌కు బిగించుకున్నాను. క్లచ్ తిరిగేటప్పుడు ఈ వెయిట్లు బయటికి విసురుకుని, స్ప్రింగ్‌కు ఎదురుగా షీవ్‌ను (బెల్టును నొక్కే పళ్లెం) నెడతాయి. రంధ్రాల్లో చిన్న స్క్రూలు వేసి వీటి బరువు సర్దుకోవాలి. బరువు పెరిగితే ఇంజను చుట్లు తగ్గుతాయి. అప్పటినుంచి ఎదురైన ఇబ్బందులను ఒకసారి ఫోనులో, రెండుసార్లు ఈమెయిల్ ద్వారా మీ సహాయ విభాగానికి తెలిపాను. మూడుసార్లూ వచ్చిన జవాబు ఒక్కటే: క్లచ్ స్ప్రింగ్ బలహీనపడి ఉంటుంది, మా స్ప్రింగ్ వేసి చూడండి అని. ఆ జవాబు ఎందుకు సరికాదో నేను పరీక్షించి తెలుసుకున్నాను కనుక, ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందుగా అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం. బిగించిన నాలుగో రోజున, పూర్తి థ్రాటిల్ మీద వెళుతుండగా క్లచ్ వైపు నుంచి గట్టిగా లోహం తగిలిన చప్పుడు వచ్చింది. ఇంజను ఆపి బెల్ట్ గార్డు తీసి చూస్తే, ఒక వెయిట్ కొస దగ్గర బిగించిన 2 గ్రాముల స్క్రూ ఊడి, గార్డు లోపలి గోడకు సొట్ట పెట్టి, కింద పడి ఉంది. పోతూ పోతూ కదిలే షీవ్ అంచున ఒక గీత కూడా పెట్టింది. క్లచ్ నిమిషానికి 8,200 చుట్లు తిరుగుతున్నప్పుడు, ఇరుసు నుంచి ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఒక్కొక్క గ్రాము మీద మూడున్నర కిలోల బరువుకు మించిన అపకేంద్ర బలం పనిచేస్తుంది. అంటే ఆ చిన్న స్క్రూ ఏడు కిలోలకు పైబడిన బలంతో బయటికి లాగబడుతూ, దానికి తోడు ఇంజను అదురును కూడా భరించాలి. అలాంటి చోట బిగించే స్క్రూకు మరలు వదులుకాకుండా రాసే థ్రెడ్ లాకర్ మీ పెట్టెలో లేదు. రాయాలన్న మాట సూచనల కాగితంలోనూ లేదు. ఎంత బలంతో బిగించాలో కూడా లేదు. బెల్ట్ గార్డు సరిగ్గా ఉండబట్టి నా కాలికి ఏమీ కాలేదు.

రెండోది, వెయిట్ల బరువు. స్క్రూలు లేకుండా ఒక్కొక్క వెయిట్ 58 గ్రాములని పెట్టె మీద ముద్రించారు. గ్రాములో నూరో వంతు చూపే డిజిటల్ త్రాసు మీద నేను తూచినప్పుడు రెండు వెయిట్లు 58.0 గ్రాముల చొప్పున, మూడోది 59.2 గ్రాములు తూగాయి. ఒక సెట్టులోని వెయిట్ల మధ్య గ్రాములో పదో వంతుకు మించి తేడా ఉండకూడదని క్లచ్ పని తెలిసినవారు అంటారు. ఇక్కడ దానికి పన్నెండు రెట్లు ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం చూస్తే, ఆ 1.2 గ్రాముల తేడా పూర్తి వేగం దగ్గర క్రాంక్ షాఫ్టు కొసను నాలుగు కిలోలకు మించిన బలంతో ఒక పక్కకే గుంజుతూ ఉంటుంది. హ్యాండిల్ బార్ల దాకా వచ్చిన అదురు చేతులకు తెలిసింది. బేరింగులకు ఎంత తెలిసిందో ఇంజను విప్పితే గాని చెప్పలేను.

తేలికైన రెండిటికి స్క్రూలు కలిపి సమం చేసుకోవచ్చని మీ ప్రతినిధి ఒకరు ఫోనులో స్ప్రింగ్ మాటతోపాటు సలహా కూడా ఇచ్చారు. మీ సెట్టులోని స్క్రూలతో 1.2 గ్రాములు కుదరదు. ఒక గ్రాము స్క్రూ వేస్తే ఇంకా 0.2 మిగులుతుంది. పైగా ఆ అదనపు లోహం వెయిట్ మడమ (కీలు వైపు చివర) దగ్గర ఉందో, కొస దగ్గర ఉందో కంటితో చూసి చెప్పలేం. మొత్తం బరువు సమమైనంత మాత్రాన మూడూ ఒకేలా పనిచేస్తాయన్న హామీ లేదు. అయినా చేయగలిగినంత వరకు సమం చేసి, అదురు తగ్గాకే తరువాతి పరీక్షలు చేశాను.

ఇక ఏ ఎత్తులో ఎంత బరువు వేయాలో చెప్పే మీ చార్టు. నేను ఎక్కువగా నడిపే ఎత్తుకు మీ చార్టు సూచించేది ఒక్కొక్క వెయిట్‌కు మొత్తం 62 గ్రాములు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం శక్తి కోల్పోతుంది కనుక వెయిట్లు తేలిక చేయాలన్న సూత్రం వరకు మీ చార్టుతో నాకు పేచీ లేదు. అయితే స్క్రూలకు మడమ దగ్గర, నడుమ, కొస దగ్గర మూడు రంధ్రాలు పెట్టి, ఏ రంధ్రంలో ఎంత వేయాలో ఒక్క ముక్క కూడా చెప్పకపోతే అది చార్టు ఎలా అవుతుంది? నా ఇంజను గరిష్ఠ శక్తినిచ్చేది 8,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. అదనపు 4 గ్రాములనూ కొసకే వేసి చూస్తే, బయలుదేరగానే ఆర్‌పీఎం 8,450కి ఎగిరి, వేగం అందుకునేసరికి 7,750కి పడిపోయింది. మడమకే వేస్తే మొదట 7,900 దగ్గర ఈడ్చి, చివరికి 8,450కి పోయింది. మడమకు 2, నడుమకు 1, కొసకు 1 వేసినప్పుడు మాత్రమే మొదటి నుంచి చివరి దాకా 8,150కీ 8,200కీ మధ్య నిలిచింది. మూడుసార్లూ మొత్తం బరువు 62 గ్రాములే. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు వారాంతాలు, ఒక బెల్టు ఖర్చయ్యాయి. రంధ్రాలు పెట్టిన మీకు ఈ సంగతి తెలియకపోదు.

స్ప్రింగ్ సంగతి కూడా తేల్చాను. అదే స్ప్రింగ్‌ను, అదే బెల్టును, సెకండరీ క్లచ్ (ట్రాక్ వైపు క్లచ్)లోని అదే హెలిక్స్‌ను (వాలు గాడుల ముక్క) ఉంచి, స్నోమొబైల్‌తో వచ్చిన పాత వెయిట్లను తిరిగి వేశాను. క్లచ్ ఎప్పటిలాగే 3,600 ఆర్‌పీఎం దగ్గర బెల్టును పట్టుకుంది, పూర్తి థ్రాటిల్ మీద ఆర్‌పీఎం 8,200 దగ్గర నిలిచింది, అదురు పోయింది. స్ప్రింగ్ చెడి ఉంటే పాత వెయిట్లతోనూ ఆ లక్షణాలు కనిపించాలి. సెకండరీ క్లచ్‌తో వరుస కలిసిందో లేదో, బెల్టు బిగువు ఎలా ఉందో ముందే చూసుకున్నాను.

కాబట్టి నేను కోరేవి ఇవి. బరువులు తూచి, ఆ అంకెలు కాగితం మీద రాసి, ఒకదానితో ఒకటి సరిపోయే మూడు వెయిట్ల సెట్టును పంపండి, లేదా నా డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వండి. గీత పడిన షీవ్‌ను మార్చే ఖర్చు కూడా మీరే భరించడం న్యాయం. ఏ రంధ్రంలో ఎన్ని గ్రాములు వేయాలో తెలిపే చార్టును, స్క్రూలకు థ్రెడ్ లాకర్ రాయాలన్న హెచ్చరికను నాకే కాక ఇప్పటికే ఈ సెట్టు కొన్నవారందరికీ పంపండి. వారిలో ఎంతమంది ఈ రోజున మరలకు ఏమీ రాయకుండా బండి నడుపుతున్నారో మీ అమ్మకాల పట్టికే చెబుతుంది. అందువల్ల ఈ చివరి పనిని నా సెట్టు మార్పిడి దాకా ఆపవద్దని మనవి.

తూకం ఫొటోలు, గార్డు సొట్ట ఫొటో, కొనుగోలు రసీదు నకలు జతపరిచాను. ఊడిన స్క్రూ నా దగ్గర భద్రంగా ఉంది. పరిశీలనకు కావాలంటే పంపగలను. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు